అగ్నిపర్వతం బద్దలు కాకుండానే కూలిపోతుందా? రేనియర్ కింద లోయలో ఇల్లు కొనే విషయమై సలహా కావాలి

మూసీ_సంగమం
మాది మిర్యాలగూడ దగ్గరి పల్లె. మా అబ్బాయి అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. సియాటెల్‌లో ఇళ్ల ధరలు అందుకోలేక, దక్షిణాన ఆర్టింగ్ అనే చిన్న ఊరిలో ఒక ఇల్లు చూసుకుని బయానా ఇవ్వడానికి సిద్ధమయ్యాడు. ఫొటోలో పెరటి వెనుక మంచు కప్పిన కొండ ఒకటి నిండుగా కనిపిస్తుంది. అది రేనియర్ అనే అగ్నిపర్వతమని కోడలు చెప్పింది. ఇంటి కాగితాలతో పాటు వచ్చిన పటంలో ఆ వీధి మొత్తానికి రంగు పూసి, అది బురద ప్రవాహం వచ్చే ప్రాంతమని రాశారు. అడిగితే మావాడు, 'కొండ బద్దలయ్యే ముందు నెలల తరబడి సూచనలు వస్తాయి నాన్నా, అప్పుడు చూసుకుందాం' అంటున్నాడు. కానీ ఆ పటం కింద 'విస్ఫోటనం లేకుండా కూడా రావచ్చు' అన్న మాట ఉందని కోడలే చదివి వినిపించింది. నిప్పు లేకుండా, పొగ లేకుండా ఒక కొండ ఉన్నట్టుండి ఎలా కూలుతుంది? మన గుట్టలు తాతముత్తాతల నాటి నుంచి అట్లాగే ఉన్నాయి కదా! తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి. బయానా ఇవ్వడానికి ఎక్కువ గడువు లేదు.

గ్రానైట్_గుట్ట
మీ అబ్బాయి చెప్పింది లావాకూ బూడిదకూ వర్తిస్తుంది, కొండచరియకు వర్తించదు. నేను చాలాకాలం డిగ్రీ కళాశాలలో భూగర్భశాస్త్రం బోధించాను కనుక కొంచెం విపులంగా రాస్తాను, ఓపికగా చదవండి.

నల్లగొండ చుట్టూ ఉన్న గుట్టలు భూమి లోతుల్లో నిదానంగా చల్లారి, ఏకశిలగా గడ్డకట్టిన గ్రానైటు. వాటి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. పైనున్న పొరలన్నీ కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయిన తరువాత మిగిలిన గట్టి బండే ఇప్పుడు మనకు కనిపిస్తున్నది. రేనియర్ వంటి అగ్నిపర్వతం అలాంటిది కాదు. ఒకసారి లావా, ఒకసారి బూడిద, ఒకసారి రాళ్ల గుట్ట, ఇలా ఒకదాని మీద ఒకటి పడుతూ పెరిగిన కొండ అది. ప్రతి పొరా బయటికి, కిందికి వాలి ఉంటుంది. అంతటితో ఆగదు. లోపలి నుంచి వచ్చే గంధకపు వాయువులు మంచు కరిగిన నీటిలో కలిసి ఆమ్లంగా మారి, వేల ఏళ్లపాటు రాతిని తింటూ ఉంటాయి. గట్టి రాయిలోని ఫెల్‌స్పార్ ఖనిజం మెత్తటి బంకమట్టిగా మారిపోతుంది. పైన హిమానీనదం కప్పి ఉండటం వల్ల బయటి నుంచి చూసేవారికి ఈ కుళ్లు కనిపించదు.

అటువంటి వాలు కూలడానికి విస్ఫోటనమే అక్కర లేదు. ఒక భూకంపం, ఒక పెద్ద వాన, లోపల ఆవిరి ఒత్తిడి, వీటిలో ఏది తోడైనా చాలు. ఒక్కోసారి కొండ బరువే చాలు. కూలిన రాతిలో బంకమట్టీ నీరూ ముందే ఉంటాయి కనుక, అది జారుతూ జారుతూ చిక్కటి బురదగా మారి, నదీ లోయను పట్టుకుని పదుల కిలోమీటర్లు పోతుంది. దీన్నే శాస్త్రజ్ఞులు లాహార్ అంటారు.

ఆర్టింగ్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సుమారు 500 సంవత్సరాల క్రితం రేనియర్ పడమటి వాలు నుంచి ఒక పెద్ద ముక్క జారి, ఎలక్ట్రాన్ ప్రవాహమని పిలిచే బురదగా పుయాలప్ నది లోయలో దిగింది. దానికి విస్ఫోటనం కారణమైనట్టు ఆధారమేదీ దొరకలేదు. ఆర్టింగ్ ఊరు ఆ బురద మీదే కట్టారు. ఇళ్ల పునాదులకు తవ్వినప్పుడు ఆనాటి అడవిలోని మహావృక్షాల మొదళ్లు బయటపడ్డాయి. అంతకు చాలా ముందు, సుమారు 5,600 ఏళ్ల క్రితం జరిగిన ఆసియోలా ప్రవాహంలో కొండ శిఖరమే పోయింది. దాదాపు 3.8 ఘన కిలోమీటర్ల బురద సముద్రం దాకా చేరింది.

బోరుబండి_దేవరకొండ
సార్, బంకమట్టి అని మీరు రాసింది చదవగానే మా పని గుర్తుకొచ్చింది. మేము బోరు వేసేటప్పుడు ముందు ఎర్రమట్టి, ఆపై మొరం, తరువాత బండ వస్తాయి. బండలో పగులు తగిలిన చోట ఒక్కోసారి పొడి దుమ్ముకు బదులు తెల్లగా, పసుపుపచ్చగా జిగట పదార్థం పైకి తన్నుకొస్తుంది. చేత్తో పట్టుకుంటే సబ్బులాగా జారుతుంది. అక్కడ కేసింగ్ వేయకపోతే బోరు గోడ నిలవదు, పక్కనున్నదంతా కుంగి గుంతలో పడుతుంది. కొండ లోపల జరిగేది కూడా ఇదేనా?

గ్రానైట్_గుట్ట
జరిగే మార్పు ఒకే జాతిది. మన దగ్గర మామూలు వాననీరు చల్లగా, అతి నెమ్మదిగా చేసే పనిని అక్కడ వేడి ఆమ్లజలం ఎన్నో రెట్లు వేగంగా చేస్తుంది. మీరు చూసిన ఆ పసుపు జిగట పదార్థం ఒక బెత్తెడు పగులులో ఉంటుంది. అక్కడ వందల మీటర్ల మందాన, నిటారు వాలు మీద, నీరు పీల్చుకుని ఉంటుంది. మన జిల్లాను పీడించిన ఫ్లోరైడు కూడా నీరు బండను కరిగించి తెచ్చినదే కనుక, నీటికి రాయి లొంగుతుందన్న సంగతి మనవాళ్లకు వేరే చెప్పనక్కర లేదు.

టకోమా_సూర్యాపేట
మేము ఉండేది టకోమాలో, అంటే ఆ పుయాలప్ నది సముద్రంలో కలిసే చోట. ఆర్టింగ్‌లో మా స్నేహితుల కుటుంబం ఉంది కనుక తరచుగా వెళ్తుంటాము. అక్కడ ఊరు దాచిపెడుతున్నది ఏమీ లేదు. వీధి మలుపుల్లో, అగ్నిపర్వతం నుంచి తప్పించుకునే దారి ఇటు అని బాణం గుర్తు వేసిన బోర్డులు ఉంటాయి. ప్రతి నెలా సైరన్లు మోగించి పరీక్షిస్తారు. బడి పిల్లలను వరుసగా నడిపించి, లోయ దాటి ఎత్తైన చోటికి చేర్చే కసరత్తు చేయిస్తారు. 1998 నుంచి కార్బన్, పుయాలప్ నదుల లోయల్లో నేల అదురును పసిగట్టే పరికరాలు పనిచేస్తున్నాయి. బురద కదిలితే ఆ కబురు ముందు వస్తుంది, బురద తరువాత వస్తుంది. అయితే ఆ రెండింటికీ మధ్య దొరికే సమయం చాలా తక్కువ. పెద్ద ప్రవాహం సుమారు గంటలో, కొన్ని లెక్కల ప్రకారం అంతకంటే ముందే ఆర్టింగ్ చేరుతుంది. సాయంత్రం ఆఫీసుల నుంచి అందరూ వచ్చే వేళ ఆ ఊరి రోడ్డు మీద కార్లు కదలవు. అందుకే కారు ఎక్కవద్దు, నడిచి ఎక్కండి అని చెబుతారు.

నడిగడ్డ_నివాసి
అందరూ కలిసి ఆ పెద్దాయనను భయపెడుతున్నారని నా అభిప్రాయం. 500 ఏళ్ల కింద జరిగినదాన్ని చూసి ఇల్లు మానుకుంటే మన నడిగడ్డలో ఒక్కరూ ఉండకూడదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి అలంపురం మునిగింది, అవతల కర్నూలు మునిగింది. మా మేనత్త కుటుంబం మేడ ఎక్కి ప్రాణాలు దక్కించుకుంది. నీళ్లు తీశాక ఇల్లు కడుక్కుని అక్కడే ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు. ఎక్కడ లేదు ప్రమాదం? ఆ పిల్లవాడు ముప్పై ఏళ్లు అప్పు కట్టి సొంత ఇంట్లో ఉంటాడు, అంతే కదా.

పాలమూరు_పరిశోధన
నడిగడ్డ నివాసి గారూ, మీ మేనత్త గారి కుటుంబం క్షేమంగా బయటపడినందుకు సంతోషం. కానీ వరదకూ దీనికీ ఉన్న తేడా మీరు రాసిన ఆ మాటలోనే ఉంది. వాళ్లు మేడ ఎక్కారు. లాహార్ వస్తే మేడ ఉండదు. అది తడి కాంక్రీటంత చిక్కగా, ఇంటంత బండలనూ చెట్లనూ మోసుకుంటూ వస్తుంది. తరువాత నీరు తీసినట్టు తీయదు, గట్టిపడి అక్కడే నిలిచిపోతుంది. కడుక్కోవడానికి ఇల్లు మిగలదు.

కొలంబియాలోని ఆర్మెరో సంగతి వినే ఉంటారు. 1985 నవంబరు 13 రాత్రి నెవాడో డెల్ రూయిస్ అగ్నిపర్వతం చిన్నగా విస్ఫోటించి, పైనున్న మంచును కరిగించింది. బురద రెండు గంటలకు పైగా ప్రయాణించి ఆర్మెరోను చేరింది, దాదాపు 23,000 మంది చనిపోయారు. ప్రమాదం ఎక్కడిదాకా వస్తుందో చూపే పటం అంతకు ముందు నెలలోనే తయారైంది. ఊరు 1845లో వచ్చిన పాత బురద మీదే కట్టబడి ఉంది. రెండు గంటల సమయం ఉండి కూడా, కొండ ఎక్కమని గట్టిగా చెప్పినవారు లేక అంతమంది పోయారు. దీన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు దుఃఖం ఆగదు. ఆర్టింగ్‌లో సైరన్లు, పిల్లల నడక కసరత్తులు ఇంత శ్రద్ధగా జరుగుతున్నాయంటే ఆర్మెరో నేర్పిన పాఠమే కారణం.

మూసీ_సంగమం
అందరికీ కృతజ్ఞతలు. ఆర్మెరోలో విస్ఫోటనం జరిగింది కదా అని మావాడు అడుగుతున్నాడు. అస్సలు విస్ఫోటనం లేకుండా మనుషులు చనిపోయిన ఉదాహరణ ఒకటి చెప్పమంటున్నాడు.

పాలమూరు_పరిశోధన
నికరాగువాలోని కాసిటా. 1998 అక్టోబరు 30న మిచ్ తుఫాను వానలకు ఆ అగ్నిపర్వతం శిఖరం దగ్గరి వాలు జారింది. లావా లేదు, బూడిద లేదు. కింద ఉన్న ఎల్ పోర్వెనీర్, రొలాండో రొడ్రిగెజ్ అనే రెండు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి, రెండు వేల మందికి పైగా చనిపోయారు. శిఖరం దగ్గర మొదట జారినది పెద్ద ముక్కేమీ కాదు. దిగుతూ దిగుతూ దారిలోని మట్టినీ నీటినీ కలుపుకుని అంత పెరిగింది.

జపాన్‌లో ఉన్‌జెన్ అగ్నిపర్వతం పక్కనున్న మయుయామ కొండ 1792లో భూకంపానికి కూలి, షిమబార పట్టణం మీదుగా సముద్రంలో పడింది. లేచిన అలలు అరియాకే సముద్రం దాటి అవతలి ఒడ్డునున్న ఊళ్లను కూడా ముంచాయి. మొత్తం సుమారు 15,000 మంది మరణించారు. జపాన్ చరిత్రలో అగ్నిపర్వత సంబంధమైన ఘోరాల్లో అదే పెద్దది. కూలిన ఆ మయుయామ కొండ మాత్రం నిప్పు కక్కలేదు.

నకిరేకల్_నిమ్మతోట
కెనరీ దీవుల్లో లా పాల్మా అనే దీవి సగానికి విరిగి సముద్రంలో పడుతుందని, అమెరికా తూర్పు తీరమంతా మునిగిపోతుందని ఒక వీడియో మా వాట్సాప్ గ్రూపులో ఏటా తిరుగుతుంది. అది కూడా ఇలాంటిదేనా?

గ్రానైట్_గుట్ట
దానికి మూలం 2001లో వచ్చిన ఒక శాస్త్ర పత్రం. ఆ దీవి పడమటి పక్క మొత్తం ఒకే ముక్కగా, అతి వేగంగా సముద్రంలో పడితే ఎంత అల లేస్తుందో లెక్క కట్టారు. అంత ముక్క ఒకేసారి పడుతుందన్న ఊహనే తరువాత చాలామంది ఒప్పుకోలేదు. విడతలు విడతలుగా జారితే అల చాలా చిన్నదవుతుంది. 2021 సెప్టెంబరు 19 నుంచి దాదాపు మూడు నెలలు అక్కడ లావా పారింది, వేల కట్టడాలు ధ్వంసమయ్యాయి, దీవి మాత్రం విరగలేదు. కెనరీ దీవుల్లోనూ హవాయి చుట్టూ సముద్రం అడుగునా ప్రాచీన కాలపు మహా పతనాల శిథిలాలు ఉన్న మాట నిజం. వాటి మధ్య వ్యవధి లక్షల ఏళ్లలో ఉంటుంది. ఆ వీడియోను చూసి నిద్ర మానుకోవద్దు, దాన్ని ఇతరులకు పంపవద్దు.

భయపడవలసినది చిన్న దీవుల విషయంలోనే. 2018 డిసెంబరు 22 రాత్రి ఇండోనేషియాలో అనక్ క్రకటోవా అనే అగ్నిపర్వత దీవి పక్కభాగం కూలింది. 338 మీటర్ల కొండ 110 మీటర్లకు తగ్గింది. పడిన పదార్థం 1980లో వాషింగ్టన్ రాష్ట్రంలోని సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం నుంచి జారినదానిలో పదోవంతు మాత్రమే, అయినా సునామీలో 430 మందికి పైగా పోయారు. అక్కడి హెచ్చరిక వ్యవస్థ పెద్ద భూకంపం వస్తే మోగేలా ఏర్పాటైంది. భూకంపం లేనందున తీరంలో ఉన్నవారికి ఎలాంటి హెచ్చరికా అందలేదు.

కొల్లాపూర్_కృష్ణమ్మ
సునామీ హెచ్చరికలంటే మన హైదరాబాదులోనే ఆ కేంద్రం ఉంది కదా, నిజాంపేట దగ్గర. మరి అండమాన్‌లో బ్యారెన్ ద్వీపం కూలితే వాళ్లకు తెలుస్తుందా?

గ్రానైట్_గుట్ట
మీరు చెప్పినది ఇన్‌కాయిస్. 2004 సునామీ తరువాత, 2007 నుంచి అక్కడ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. భూకంపమాపకాలతో పాటు సముద్రంలో నీటి మట్టాన్ని కొలిచే పరికరాలను కూడా అది గమనిస్తుంది. భూకంపం లేకుండా పుట్టే అలను పట్టేది ఆ రెండో రకం పరికరాలే, అందుకే 2018 తరువాత వాటి విలువ ఇంకా పెరిగింది. బ్యారెన్ మన దేశంలో ఇప్పటికీ మండుతున్న ఏకైక అగ్నిపర్వతం, పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పటి శ్రీ విజయపురం) సుమారు 140 కిలోమీటర్ల దూరం, మనుషులు ఉండరు. నీటి పైన కనిపించే భాగం చిన్నదే. దాని గురించి మన తీరవాసులు నేడు కంగారు పడవలసిన పని లేదు.

కొడంగల్_రేగడి
మా చేలల్లోని నల్లరేగడి అగ్నిపర్వతపు రాయి నుంచి వచ్చిందేనని బడిలో చదువుకున్నాము. అయితే మా ప్రాంతానికి ఈ ప్రమాదం లేదా? మా పిల్లలు అడుగుతున్నారు.

గ్రానైట్_గుట్ట
లేదు. మీ నేల కింది దక్కన్ లావా సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటిది. అది శిఖరం నుంచి కాక నేల పగుళ్ల నుంచి పొంగి, చదునుగా పరుచుకుంది. కూలడానికి నిటారు కొండే లేదు, లోపల వేడీ లేదు. మీ పక్కనే నారాయణపేట, మద్దూరు ప్రాంతాల్లో కింబర్లైట్ అనే మరో పురాతన అగ్నిపర్వత శిల గొట్టాలుగా దిగి ఉంది, అది 100 కోట్ల ఏళ్లు దాటినది. పిల్లలను ఒక ఆదివారం తీసుకెళ్లి చూపించండి.

నడిగడ్డ_నివాసి
నా ప్రశ్న నాకు అలాగే ఉంది. ఆర్టింగ్‌లో వేలమంది కాపురాలు చేస్తున్నారు. వాళ్లందరూ తెలివితక్కువవారా? ముందు సూచనలు వస్తే ప్రభుత్వం ఖాళీ చేయించదా?

టకోమా_సూర్యాపేట
ఖాళీ చేయించడం అనుకున్నంత సులువు కాదు, దానికి మా రాష్ట్రంలోనే ఉదాహరణ ఉంది. సెయింట్ హెలెన్స్ 1980 మార్చిలో అదరడం మొదలుపెట్టింది. లోపలికి ఎక్కిన శిలాద్రవం ఉత్తర వాలును రోజుకు ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల చొప్పున బయటికి నెట్టింది. కొండ ఉబ్బుతున్నదని అందరికీ కనిపిస్తూనే ఉంది. అధికారులు దారులు మూసివేశారు. వారాలు గడిచినా ఏమీ జరగకపోయేసరికి, ఆ ప్రాంతంలో ఇళ్లు ఉన్నవారు మా సామాన్లు తెచ్చుకుంటామని పట్టుబట్టారు. మే 17 శనివారం వారిని వరుసగా లోపలికి పంపి, వెనక్కి తెచ్చారు. మరో బృందం ఆదివారం ఉదయం 10 గంటలకు వెళ్లవలసి ఉంది. 8 గంటల 32 నిమిషాలకు 5.1 తీవ్రతతో భూమి కంపించి, ఉత్తర వాలు మొత్తం జారిపోయింది. సుమారు 2.5 ఘన కిలోమీటర్ల రాయి. మనిషి చూసి నమోదు చేసిన కొండచరియల్లో అదే అతి పెద్దది. నదీ లోయలో 20 కిలోమీటర్లకు పైగా పోయింది. మీద ఉన్న బరువు ఒక్కసారిగా తొలగిపోవడంతో లోపలి ఒత్తిడి పక్కకు పేలింది. చనిపోయినవారు 57 మంది. కొండకు 10 కిలోమీటర్ల దూరంలో కాపలా ఉన్న డేవిడ్ జాన్‌స్టన్ అనే యువ శాస్త్రజ్ఞుడు కూడా వారిలో ఒకరు. సోమవారం అయి ఉంటే అడవిలో చెట్లు నరికే వందలమంది పనిలో ఉండేవారు.

రెండు నెలల సూచనలు వచ్చాయి. ఆ ఉదయం మాత్రం ఇదిగో ఇప్పుడే అని చెప్పే గుర్తు ఏ పరికరంలోనూ రాలేదు. ఆర్టింగ్ వారు తెలివితక్కువవారు కారు. తరతరాలుగా అక్కడ ఉన్నవారు ఉన్నారు, వేరే చోట కొనే స్థోమత లేనివారు ఉన్నారు. ఈ పిల్లవాడికి ఇంకా ఎంచుకునే అవకాశం ఉంది కనుకే మనం ఇంత చెబుతున్నాము.

దోమలపెంట_దారి
నల్లమల ఘాటులో వానాకాలం బండ దొర్లితే రోడ్డు మూసి, తీసి, సాయంత్రానికి బస్సులు వదులుతారు. కొండచరియ అంటే ఇన్నాళ్లూ అంతవరకే అనుకున్నాను. సెయింట్ హెలెన్స్ జారిన తరువాత ఆ నేల ఎలా ఉంది?

గ్రానైట్_గుట్ట
జారిన దారంతా చిన్నా పెద్దా దిబ్బలు మిగిలాయి. ఒక్కో దిబ్బా కొండ నుంచి విరిగిపడిన ముక్కే. ఈ దిబ్బల ఆకారం 1980లో కళ్లారా చూసిన తరువాతే, ప్రపంచంలో అంతకుముందు అర్థం కాని ఎన్నో దిబ్బల మైదానాల గుట్టు విడిపోయింది. కాలిఫోర్నియాలోని షాస్టా కొండ కింద 45 ఘన కిలోమీటర్ల ప్రాచీన పతనం ఉందని అప్పుడే తేలింది. అంటే సెయింట్ హెలెన్స్‌కు దాదాపు పద్దెనిమిది రెట్లు. ఇంకో చిక్కు కూడా వచ్చింది. శిథిలాలు అడ్డుపడి పక్కనున్న స్పిరిట్ సరస్సుకు నీరు పోయే దారి మూసుకుపోయింది. ఆ మట్టికట్ట తెగితే కింది ఊళ్లకు మళ్లీ వరద. అందుకని కొండను తొలిచి 1985లో సొరంగం తెరిచారు. నేటికీ దానికి మరమ్మతులు చేస్తూనే ఉండాలి. కొండచరియ ఒక ఉదయంతో ముగిసిపోదని దీన్ని బట్టి తెలుసుకోవాలి.

త్రిపురారం_టీచరు
ఇన్సూరెన్సు సంగతి ఎవరూ రాయలేదు. మా చెల్లెలు అక్కడే ఉంటుంది. మామూలు ఇంటి పాలసీల్లో లావా, పేలుడు నష్టాలు సాధారణంగా ఉంటాయి గానీ, నేల కదలికను, కొండచరియను మినహాయిస్తారట. బురదకు ప్రభుత్వ వరద బీమా వేరుగా తీసుకోవాలి. పాలసీ కాగితంలోని మినహాయింపుల భాగాన్ని మీ అబ్బాయి ఒక్కొక్క మాటా చదవాలి. ఏజెంటు నోటి మాట నమ్మవద్దు.

మూసీ_సంగమం
నిన్న రాత్రి ఇవన్నీ మావాడికి చదివి వినిపించాను. కాసిటా దగ్గర మాట్లాడటం ఆపాడు. బయానా ఇవ్వడం ఒక వారం వాయిదా వేశాడు. పూర్తిగా మానుకుంటానని మాత్రం అనడం లేదు. ఆ ఇల్లు కోడలికి చాలా నచ్చింది. లోయకు ఆనుకుని పైన మెట్టనేల ఉందని, అక్కడ ఇళ్లు కొంచెం ఎక్కువ ధర అని అంటున్నాడు. ఇద్దరూ పని చేసేవాళ్లు, మనవరాలు ఈ ఏడు బడిలో చేరుతుంది. ఏమేమి చూసుకోమని చెప్పమంటారు?

టకోమా_సూర్యాపేట
మెట్ట మీద దొరికితే అదే కొనమనండి. ధరలో తేడా ఉన్నా సరే, ప్రయాణం కొంచెం పెరిగినా సరే. లోయలోనే తీసుకుంటే మాత్రం ఒక సాయంత్రం రద్దీ వేళ ఆ ఇంటి గుమ్మం నుంచి పాపను ఎత్తుకుని ఎత్తైన నేల దాకా నడవమనండి, గడియారం చూసుకుంటూ. నలభై నిమిషాల్లో చేరలేకపోతే ఆ ఇల్లు వద్దు.

పాలమూరు_పరిశోధన
బడి విషయం మరవకండి. మెట్ట మీద ఇల్లు కొని, పాపను లోయలోని బడిలో చేర్పిస్తే పగలంతా ఆమె కిందే ఉంటుంది. ఇంటి చిరునామాతో పాటు బడి చిరునామాను కూడా ఆ పటంలో వెతకమనండి. సైరన్ మోగితే తల్లిదండ్రులు బడికి పరుగెత్తకూడదు, పిల్లలను టీచర్లే నడిపించుకెళ్తారు. ఎదురుగా లోయలోకి దిగే కార్ల వల్లే దారి మూసుకుపోతుంది. ఈ మాట కోడలు గారికి ముందే చెప్పి ఒప్పించాలి, ఎందుకంటే ఆ క్షణంలో ఏ తల్లీ ఆగదు.

నడిగడ్డ_నివాసి
లోయలో ఇల్లే వద్దనడం ఎక్కువేనని ఇప్పటికీ నా మాట. బడి మాత్రం మెట్ట మీదే చూడమనండి, ఆ విషయంలో నాకు వేరే అభిప్రాయం లేదు.

మూసీ_సంగమం
బడి చిరునామా పంపమని ఇప్పుడే కోడలికి ఫోన్ చేశాను. పటంలో ఎలా వెతకాలో టకోమా గారు ఆమెకు చెప్పగలరా? నంబరు మీకు విడిగా పంపుతాను.

టకోమా_సూర్యాపేట
పంపండి. శనివారం మేము ఆర్టింగ్ వైపే వెళ్తున్నాము, వాళ్లను కూడా వెంటబెట్టుకుని ఆ దారి నడిచి వస్తాము.